రేకు తెలుపు

ఉదయం ఆరూ పదికి ఆ రోజు మొదటి రేకు కుండ మీంచి లేచింది. మా అత్తగారు దాన్ని రెండు చేతుల వేళ్ళ చివర్లతో పట్టుకుని తూర్పు గుమ్మం దగ్గరికి నడిచారు. వెలుగుకు అడ్డంగా పట్టి, తల కొంచెం ఎడమకు వంచి చూశారు. "కుండ ఇంకా కాగలేదు" అని రేకును గట్టు మీద పెట్టేశారు. మొదటి రేకు మా ఇంట్లో అమ్మరు. అది కుండ వేడి చెప్పడానికే. ఆవిడ రెండోది చూశారు, మూడోదీ చూశారు. రోజుకు ఎన్ని వందల రేకులు తీసినా ప్రతి ఒక్కటీ ఆ గుమ్మంలో ఆవిడ కళ్ళ ముందు నుంచి వెళ్ళాల్సిందే.

ఆ రోజు ఎందుకు గుర్తుందంటే, మధ్యాహ్నానికి ఆవిడ ఆ పని మానేశారు. మాన్పించింది నేను.

మాది ఆత్రేయపురం. వెనక వసారాలో బోర్లించిన కుండ ఉంటుంది. దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. బియ్యప్పిండిని నీళ్ళంత పలచగా కలిపి, అందులో సన్నటి గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతారు. లాగిన చోట పొర మిగులుతుంది. ఊపిరి పీల్చి వదిలేలోగా అది ఎండి, అంచు లేస్తుంది. ఆ పొరే రేకు. నెయ్యి, పంచదార వేసి మడిస్తే పూతరేకు. తినేవాళ్ళకు నెయ్యి, పంచదార గుర్తుంటాయి. తీసేవాళ్ళకు రేకే అసలు పని. గుడ్డ ఒక చోట ఆగితే మందం, ఒక చోట ఉరికితే చిల్లు, మంట ఒక పక్కకు పోతే ఎర్రమచ్చ. ఇవన్నీ వెలుగుకు పడితేనే కనిపిస్తాయి.

నేను పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పుడు ఇంజనీరింగ్ చదివి ఉన్నాను. అయినా మొదటి నెలలో కుండ ముందు కూచోబెట్టారు. కోడలికి పని వచ్చి ఉండాలని ఆవిడ నియమం. నా రేకులు ఆవిడ విడిగా ఒక పళ్ళెంలో పేర్చి, వచ్చేపోయేవాళ్ళకు కనిపించేలా వసారా గట్టు మీద పెట్టేవారు.

"ఇది రేకేనా అమ్మాయ్? ముసలాళ్ళ అరికాలి తోలులా ఉంది."

"మళ్ళీ తీస్తానండి."

"తియ్యి. చదువుకున్న చేతులు కదా, నిదానంగా వస్తుంది. ఈలోపు మన కోళ్ళు బలుస్తాయి."

సాయంత్రం ఆ పళ్ళెం కోళ్ళ ముందు గుమ్మరించేవారు. మడత వేసే ఆవిడ, ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో పని చేస్తున్న మనిషి, నవ్వు ఆపుకోలేక పైట నోట్లో కుక్కుకునేది. మా ఆయన అటు చూసేవారు కాదు. పార్సెళ్ళు రావులపాలెం బస్సుకు అందించడానికి వెళ్ళిపోయేవారు.

నేను చదివిన పుస్తకాల్లో చనిపోయినవాళ్ళు చాలామంది మంచివాళ్ళైపోతారు. మా అత్తగారు మంచి మనిషి అని నేను రాయను. ఆవిడ కన్ను మంచిది. అంతవరకూ రాస్తాను, ఎందుకంటే అది నాకు రుజువుతో సహా తెలుసు.

తర్వాత నాకు హైదరాబాదులో ఒక చిన్న సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఇంటి దగ్గర నుంచే పని. మేడ మీద గదిలో కిటికీలకు నల్ల గుడ్డ కట్టి, బల్ల మీద ఒక కెమెరా, దాన్ని మిల్లీమీటరు చొప్పున జరిపే స్టాండు పెట్టుకున్నాను. మేము చేసేది కళ్ళద్దాలు. పెట్టుకుంటే ఎదుటి గోడా కనిపిస్తుంది, గోడ మీద తేలుతున్నట్టు అక్షరాలూ బొమ్మలూ కనిపిస్తాయి.

వాటిలో తెర ఉండదు. కణత దగ్గర కమ్మీలో బఠాణీ గింజంత ప్రొజెక్టరు ఉంటుంది. దాని వెలుగు అద్దం మూలలోంచి లోపలికి దూరుతుంది. బయటికి పోలేక రెండు ముఖాల మధ్య తగులుతూ తగులుతూ కంటి ముందు దాకా వస్తుంది. అక్కడ అద్దంలో కంటికి ఆననంత సన్నని గీతలు చెక్కి ఉంటాయి. ఆ గీతలు వెలుగును కొంచెం కొంచెంగా కంట్లోకి వదులుతాయి. ఆ అద్దాన్ని వేవ్‌గైడ్ అంటారు. మామూలు కళ్ళద్దం కంటే మందం ఉండదు.

చిక్కు రంగులతో వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఆ గీతల దగ్గర ఒకే కోణంలో వంగవు. ఒకటి తక్కువసార్లు తగిలి ముందే బయటపడుతుంది. ఇంకొకటి ఎక్కువసార్లు తగిలి చివరి దాకా పోతుంది. తెల్లటి కాగితం బొమ్మ పంపిస్తే ఎడమ పక్క గులాబీగా, కుడి పక్క ఆకుపచ్చగా, మధ్యలో ఎక్కడో చారగా కనిపిస్తుంది. కన్ను రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే ఆ చారలు కూడా జరుగుతాయి. దీన్ని సరిచెయ్యడం నా పని. అద్దంలో ఏ చోట ఏ రంగు ఎంత ఎక్కువైందో కొలిచి, ఒక పటం తయారు చేసి, ప్రొజెక్టరు ముందే ఆ చోట ఆ రంగు తగ్గించి పంపేలా చెయ్యాలి.

తగ్గించడమే. తక్కువైన చోట పెంచడానికి లేదు. ప్రొజెక్టరు ఇవ్వగలిగింది అప్పటికే ఇస్తూ ఉంటుంది. బొమ్మ అంతా సమంగా కనిపించాలంటే బాగా వెలిగే చోట్లన్నిటినీ అన్నిటికన్నా నీరసమైన చోటి దాకా దించాలి. పూర్తిగా దించితే సమంగా ఉంటుంది కాని బొమ్మ చీకటిగా ఉంటుంది. ఎంత దించి ఆపాలన్నదే ఈ పనిలో విద్య.

కెమెరా కొలతలు బాగానే వచ్చేవి. అయినా హైదరాబాదులో కళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళు చారలు కనిపిస్తున్నాయనేవారు. సగటు లెక్కలో చార దాక్కుంటుంది. కన్ను సగటు చూడదు, అంచు చూస్తుంది. నా కన్ను పనికి రాలేదు. రోజంతా అవే చూసి చూసి రెండు నిమిషాల్లో అలవాటు పడిపోయి, అంతా తెల్లగానే ఉందనిపించేది.

ఒకరోజు ఉదయం నేను కింద కాఫీ తాగుతుంటే కళ్ళద్దాలు మెడలో వేలాడుతున్నాయి. మా అత్తగారు చెయ్యి చాపారు.

"ఏటది? ఇల్లా తే."

పెట్టుకున్నారు. అప్పుడు అందులో తెల్లటి పలక బొమ్మ ఒక్కటే ఉంది. ఆవిడ తూర్పు గుమ్మం వైపు తిరగబోయి, వెలుగు ఎక్కువైందని, గోడ వైపు తిరిగారు. తల ఎడమకు వంచారు.

"ఎడంపక్క గులాబీగా ఉంది. కుడేపు కింద ఆకుపచ్చ మచ్చ. పైన చిటికెన వేలంత చార. దీన్ని తీసినవాళ్ళెవరో గాని గుడ్డ సమంగా లాగలేదమ్మాయ్."

"దాన్ని గుడ్డతో తియ్యరండి."

"దేంతో తీస్తేనేం. సమంగా లేదు."

మేడ మీదికి వెళ్ళి కెమెరాతో చూశాను. చిటికెన వేలంత చార ఉంది. ఆవిడ చెప్పిన చోటే ఉంది. మా లెక్కలో అది మూడు వారాలుగా పట్టుబడకుండా దాటిపోతోంది.

ఆ రోజు నుంచి పదకొండు గంటలకు, కుండ చల్లారాక, ఆవిడ మేడ ఎక్కేవారు. నేను పటం మార్చేదాన్ని, ఆవిడ చూసేవారు. గంటసేపు కూచునేవారు. కన్ను ఒక్క చోటే నిలిపి ఉంచమంటే ఉంచేవారు. కొంచెం ముక్కు వైపు జరపమంటే జరిపేవారు. ఏ చోట ఏముందో చెప్పేవారు. పటంలో ఆ చోట కొంచెం దించితే, "ఆయ్, ఇప్పుడు కలిసింది" అనేవారు. ఎక్కువ దించితే "మసకేసింది, వెనక్కి లాగు" అనేవారు. ఎంత దించి ఆపాలో నాకన్నా ఆవిడకు తెలుసు. నలభై ఏళ్ళు చేసింది అదే.

ఆ గదిలో ఆవిడ నన్ను ఎప్పుడూ వెక్కిరించలేదు. కింద మామూలే.

హైదరాబాదు వాళ్ళకు పటాలు నచ్చాయి. చారలు పోయాయన్నారు. ఎవరు చూస్తున్నారని అడిగినప్పుడు నేను నివేదికలో 'స్థానిక పరిశీలకులు' అని రాశాను. బహువచనం రాశాను. ఒక ముసలావిడ, అందులోనూ మా అత్తగారు, అని రాయడానికి సిగ్గేసింది. ఆ మాట ఆవిడకు చెప్పలేదు. తను ఎవరికి పని చేస్తున్నారో, నేను ఏం రాస్తున్నానో ఆవిడ అడగలేదు. ఒకసారి మాత్రం మడత వేసే ఆవిడతో అంటుంటే విన్నాను.

"మా కోడలి ఉద్యోగం నా కంటి మీద నడుస్తందే."

"మరి మీకు జీతం ఇస్తందేటండీ?"

"ఇస్తది. మజ్జిగలో ఉప్పేసి ఇస్తది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ గొంతులో గర్వం ఉంది. నాకు అది నచ్చలేదు.

చారలు పోయాక మిగిలింది తెలుపు. పలక అంతా సమంగా ఉన్నా, ఆ సమంగా ఉన్నది తెలుపేనా, పసుపుకో నీలానికో ఒరిగిందా అన్నది వేరే ప్రశ్న. కెమెరా ఒక అంకె చెబుతుంది. మనిషికి అది తెల్లగా అనిపించాలి. అప్పటికి నాకు ఆవిడ కన్ను మీద ఎంత గురి కుదిరిందంటే, కెమెరా అంకె పక్కన పెట్టాను. ఈ తప్పు పూతరేకుల ఇంట్లోనే జరుగుతుంది. ఇంకో చోట ఎవరూ ఒక్క మనిషి చెప్పిన తెలుపును ఖాయం చెయ్యరు. మా ఇంట్లో ఆవిడ తెల్లగా ఉందంటే తెల్లగా ఉన్నట్టే. నాకూ ఆ అలవాటు పట్టింది.

ఆవిడ ఒక మంచి రేకు తెచ్చి, నల్ల గుడ్డ కొంచెం తొలగించి, పగటి వెలుగు పడేలా పట్టుకునేవారు. రేకును ఒకసారి, కళ్ళద్దాల్లో పలకను ఒకసారి చూసేవారు.

"పసుపుగా ఉంది."

ఎరుపూ ఆకుపచ్చా కొంచెం దించాను.

"ఇంకా ఉంది. పాత పంచెలా ఉంది."

ఇంకొంచెం దించాను. మూడు రోజులు అలా దించాను. నాలుగో రోజు ఆవిడ కళ్ళద్దాలు తీసి నా చేతిలో పెట్టారు. "ఇదీ తెలుపంటే. రేకు తెలుపు. ఇంక ముట్టుకోకు."

ముట్టుకోకుండా పంపించాను.

సరిగ్గా వారానికి, నేను మొదట్లో చెప్పిన రోజున, హైదరాబాదు నుంచి మా పై అధికారి ఫోను చేశారు. అప్పటికి పదిన్నర. ఇంకో నలుగురు లైనులో ఉన్నారు.

"మేడమ్, తెలుపు మొత్తం నీలం కొడుతోంది. ఇక్కడ పెట్టుకున్న ప్రతివాళ్ళూ అదే మాట. బట్టలకు నీలిమందు ఎక్కువైనట్టుందంటున్నారు. మీ పరిశీలకులు ఎంతమంది?"

నేను బల్ల మీది నివేదిక దగ్గరికి లాక్కున్నాను.

"ఎంతమంది మేడమ్? వయసులు రాశారా?"

"ఒక్కరేనండి."

"ఒక్కరా? ఎవరు?"

"మా అత్తగారండి."

లైనులో ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పై అధికారి నవ్వలేదు. "ఆవిడకు శుక్లాలున్నాయేమో చూపించండి. శుక్లం ముదిరితే కంటి లోపలి కటకం పసుపెక్కుతుంది, పగటి వెలుగులోని నీలం కన్నా మన ప్రొజెక్టరు నీలాన్ని ఎక్కువ తాగేస్తుంది. ఆవిడకు నీలం తక్కువగా అందుతుంది కాబట్టి మీ చేత ఎక్కువ పెట్టించారు. తెలుపు మేం కెమెరా అంకెకు మార్చుకుంటాం. చారల పటం మటుకు అలాగే ఉంచుతున్నాం. అది చాలా బాగుంది. ఇలాంటిది ఇక్కడ ఎవరూ తియ్యలేకపోయారు" అన్నారు.

ఈ మాటలన్నీ విన్నాను. అర్థం కూడా చేసుకున్నాను. కన్ను పసుపెక్కితే బొమ్మ మొత్తం ఒకేలా పసుపెక్కుతుంది. ఒక పక్కకూ ఇంకో పక్కకూ తేడా పట్టడంలో పొరపాటు రాదు. ఆవిడ తెలుపు తప్పు. ఆవిడ సమం తప్పు కాదు. ఇది నాకు ఆ నిమిషంలోనే తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

మెట్లు దిగి వసారాలోకి వచ్చాను. ఆ ఉదయం రోజూ కుండ ముందు కూచుని రేకులు తీసే మనిషి రాలేదు. ఆఫీసు మొదలయ్యేదాకా నేనే తీశాను. ఆ రేకుల్లో ఆరు ఆవిడ వేరు చేసి, పాతరోజుల్లోలా పళ్ళెంలో పేర్చి గట్టు మీద పెట్టి ఉన్నారు. మా ఆయన డబ్బాలకు టేపు వేస్తున్నారు. మడత వేసే ఆవిడ తడిగుడ్డ పిండుతోంది.

నన్ను చూసి మా అత్తగారు పళ్ళెం వైపు గడ్డం ఊపారు. "పదేళ్ళైంది. ఇంకా గుడ్డ ఆగిపోతానే ఉంది నీ చేతిలో. కోళ్ళు కూడా తినవు ఇయ్యి."

"ఆ రేకులు బాగున్నాయండి" అన్నాను. "పాడైంది మీ కన్ను."

మా ఆయన చేతిలో టేపు ఆగిపోయింది.

"ఏటన్నావ్?"

"మీ కంట్లో శుక్లం ముదిరిందండి. తెలుపంటే ఏమిటో మీకు తెలిసి ఎన్నేళ్ళైందో. మీరు చెప్పిన తెలుపు హైదరాబాదులో చూసి అందరూ తిప్పి కొట్టేరు. ఇన్నాళ్ళూ మీరు తీసి పారేసిన రేకుల్లో ఎన్ని బాగున్నాయో మరి. అందరం తలొంచుకుని కోళ్ళకేసేం."

"అమ్మగారి కన్నేటండీ, గెద్ద కన్ను" అంది మడత వేసే ఆవిడ, కాని గొంతు తగ్గించి అంది. అని నా వైపు చూసింది. మిషన్లతో పని చేసేది నేను.

మా అత్తగారు నిలబడే ఉన్నారు. "నువ్వు చూసేవురా?" అని కొడుకును అడిగారు. "నా రేకుల్లో తేడా వస్తందా?"

"నాకేం తెలుసమ్మా. మేడ మీద కొలిచి చెప్తంది కదా. కొత్తపేటలో డాక్టరు గారికి చూపిద్దాంలే."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు నిజంగా తెలీదు. కాని ఆవిడ అడిగింది అది కాదు.

ఆవిడ పళ్ళెం దగ్గరికి వెళ్ళారు. ఆరు రేకులూ ఒక్కొక్కటిగా తీసి మంచి రేకుల దొంతరలో కలిపారు. వెలుగుకు పట్టలేదు. కలిపాక చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళారు.

ఆవిడ కలిపిన రేకుల్లో ఒకటి నేను తీసుకున్నాను. మేడ మీదికి తీసుకెళ్ళి, వెనక దీపం పెట్టి, కెమెరా ముందు నిలబెట్టాను. రంగు తీసేసి వెలుగు ఎంత దాటుతోందో మాత్రమే చూశాను. ఎడమ అంచు నుంచి మధ్య దాకా మందపు చార ఉంది. గుడ్డ ఆగిన చోటు. ఆవిడ చెప్పిందే. ఆ బొమ్మ కంప్యూటరులో కాసేపు చూసి చెరిపేశాను. రేకును చేత్తో నలిపి చెత్తబుట్టలో వేశాను.

కొత్తపేట డాక్టరు గారు రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయన్నారు. కుడి కంటికి ముందు, రెండు మూడు నెలలాగి ఎడమ కంటికి, అన్నారు. కుడి కన్ను ఆపరేషను అమలాపురంలో అయింది. మర్నాడు కట్టు విప్పగానే ఆవిడ కొడుకు చొక్కా చూసి, "ఇది నీలమా? బూడిద రంగనుకుంటన్నాను ఇన్నాళ్ళూ" అన్నారు. నర్సు నవ్వింది. అందరూ అలాగే అంటారంది.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు పొద్దున్న ఆవిడ ఒక రేకు అడిగి తెప్పించుకున్నారు. గుమ్మం దగ్గరికి వెళ్ళలేదు. మంచం మీద కూచుని, ఎడమ కన్ను అరచేత్తో మూసి చూశారు. తర్వాత కుడి కన్ను మూసి చూశారు. అలా మార్చి మార్చి చాలాసేపు చూశారు.

"ఈ కంటికి తెల్లగుంది. ఈ కంటికి ముసలిగుంది" అన్నారు. రేకు ఒళ్ళో పెట్టుకుని, "నీ అద్దాలు తే అమ్మాయ్" అన్నారు.

తెచ్చాను. ఆవిడ ఖాయం చేసిన పాత తెలుపే అందులో ఉంచాను. మార్చి తేవచ్చు. మార్చలేదు.

కొత్త కంటితో చూశారు. "నీలం" అన్నారు. "నేను చెప్పిన తెలుపు ఇదేనా?"

"ఆయ్, అదేనండి."

"మీవాళ్ళు నవ్వేరా?"

"నవ్వేరండి."

"నిన్నా, నన్నా?"

"మిమ్మల్నేనండి" అన్నాను. వాళ్ళు నవ్వింది నన్ను చూసి.

ఆవిడ తల ఊపారు. కళ్ళద్దాలు తియ్యలేదు. గోడ వైపు తిరిగి, తల ఎడమకు వంచి, ఇంకోసారి చూశారు.

"మరి పక్కల సంగతేటి? ఎడంపక్క గులాబీ, కుడేపు పచ్చమచ్చ, పైన చార అన్నాను కదా. అయ్యి నిజంగా ఉన్నయ్యా? అయ్యి కూడా నా కంట్లోయేనా?"

ఆవిడ నన్ను అడిగిన ప్రశ్నలన్నిటిలో జవాబు కోసం అడిగింది ఆ ఒక్కటే అనుకుంటాను. మిగతావన్నీ జవాబు తెలిసి అడిగినవి. అవి నిజంగా ఉన్నాయని, హైదరాబాదులో ఎవరూ తియ్యలేని పటం ఆవిడ తీశారని, ఆ పటమే వాడుతున్నారని చెప్పాలి. ఒక్క వాక్యం. చెబితే మర్నాడు ఆరింటికి ఆవిడ తూర్పు గుమ్మంలో ఉంటారు. నా రేకులు పళ్ళెంలో ఉంటాయి.

"అదింకా సరిచూడాలండి" అన్నాను.

"సర్లే" అన్నారు. కళ్ళద్దాలు తీసి, చీర చెంగుతో తుడిచి ఇచ్చారు. అద్దం మీద వేలిముద్ర పడితే బొమ్మ మసకేస్తుందని ఒకప్పుడు నేనే చెప్పాను. ఆవిడ మర్చిపోలేదు.

ఆ తర్వాత ఆవిడ వసారాలోకి రావడం తగ్గించేశారు. వచ్చినా కుండకు వీపు పెట్టి కూచుని జీడిపప్పు పలుకులు విరిచేవారు. మడత వేసే ఆవిడ అలవాటు కొద్దీ ఒకటి రెండుసార్లు రేకు తెచ్చి చూపించింది.

"ఇది పరవాలేదంటారాండీ?"

"మేడ మీద అడుగు. నాకేం కనపడతది."

మేడ మీద ఎవరూ అడగలేదు. రేకులు కుండ మీంచి నేరుగా దొంతరలోకి వెళ్ళడం మొదలైంది. పని త్వరగా అవుతోందని మా ఆయన అన్నారు. నిజమే, అవుతోంది. మొదటి రేకు కూడా దొంతరలో కలిసిపోతోంది. మా డబ్బాలు కొన్నవాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. ఒక్కరు కూడా తిరిగి పంపలేదు. అది ఆవిడ వినేలా మా ఆయనే ఒకరోజు భోజనాల దగ్గర అన్నారు. తల్లిని బాధ పెట్టాలని కాదు. వ్యాపారం గురించి ఏదో ఒకటి మాట్లాడాలని.

ఆవిడ పెరుగన్నం కలుపుతూ, "అయితే నలభై ఏళ్ళూ ఊరికే నిలబడ్డానన్నమాట" అన్నారు.

మా ఆయన మంచినీళ్ళు అందుకున్నారు. నేను ఆవిడకు ఆవకాయ వడ్డించాను.

ఆవిడకు జ్వరం వచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చింది. వారం రోజులు అమలాపురం ఆసుపత్రిలో ఉంచారు. చివరి రెండు రోజులు ఆవిడ కిటికీ వైపు పడుకున్నారు. ఎడమ కన్ను మూసి కుడి కంటితో, కుడి కన్ను మూసి ఎడమ కంటితో, గోడనో దుప్పటినో చూస్తూ ఉండేవారు. కునుకు పట్టక అలా చేస్తున్నారని నర్సు అనుకుంది. నేను కుర్చీలో కూచుని పుస్తకం చదువుతున్నాను. ఆ రెండు రోజులూ గదిలో మేమిద్దరమే ఉన్న గంటలు చాలా ఉన్నాయి. చెప్పడానికి అడ్డం వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నని ఇప్పుడు అనుకోవడం తేలిక. అందుకని అలా అనుకోను.

పెద్దకర్మ అయిన నాలుగో రోజు కంటి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఎడమ కన్ను ఆపరేషనుకు తారీఖు ఇచ్చామని, పొద్దున్న ఏమీ తినిపించకుండా తీసుకురమ్మని చెప్పారు. "ఆవిడ రారండి" అన్నాను. "ఇంకో తారీఖు వెయ్యమంటారా?" అని అడిగారు. వద్దన్నాను.

ఆ కళ్ళద్దాలు ఇప్పుడు బజారులోకి వచ్చాయి. తర్వాతి రకాల్లో గీతలు చెక్కే పద్ధతి మారింది, చారలు అద్దంలోనే తగ్గాయి. మిగిలినవాటికి వాడే పటానికి మొదలు ఇప్పటికీ ఆవిడ చెప్పిందే. దాని మీద కొత్త కొలతలు చేర్చుకుంటూ పోయాం. ఆ ఫైలులో పరిశీలకుల గడిలో నేను రాసిన బహువచనం అలాగే ఉంది. దిద్దడానికి నాకు అధికారం ఉంది. దిద్దితే ఎవరు, ఎప్పుడు, ఏం చూశారు అని రాయాలి. ఒకటి రెండుసార్లు తెరిచి మూసేశాను.

మడత వేసే ఆవిడ పోయిన నెల నన్ను అడిగింది. "అమ్మగారి కన్ను అప్పట్లో నిజంగానే పోయిందాండీ? నాకెందుకో ఆ ఆరు రేకులూ మందంగానే అనిపించేయండి, మడతేసేటప్పుడు విరిగిపోయేయి."

"ఐదు" అన్నాను. "ఒకటి నేను తీసుకున్నాను."

ఆమె ఇంకేమైనా చెబుతానేమోనని చూసింది. తర్వాత తడిగుడ్డ పిండుకుని పనిలో పడింది.

కుండ ఇప్పుడూ ఆరింటికే వెలిగిస్తాం. తూర్పు గుమ్మంలో పార్సెలు డబ్బాలు పేర్చి ఉంటాయి. మా ఇంట్లో ఎవరూ రేకును వెలుగుకు పట్టి చూడడం లేదు.